వెట్టికి పుట్టినవారు: విజ్ఞాన కల్పనలో లోహయంత్రము, జీవయంత్రము

సైన్స్ ఫిక్షన్ అనగానే మన పాఠకులలో చాలామందికి సినిమా గారడీయో, పిల్లల కాలక్షేపమో గుర్తుకు వస్తుంది. దైవజ్ఞాన పత్రికలో దానికి చోటెందుకని అడిగేవారూ ఉంటారు. మా సమాధానము చిన్నది. సృష్టించుట అంటే ఏమిటి, సృష్టించినవాడు తాను చేసినదానికి ఎంతవరకు బాధ్యుడు అన్న ప్రశ్నలను గత రెండు వందల సంవత్సరాలుగా విడిచిపెట్టకుండా అడుగుతూ వచ్చినవారు ఈ కథకులే. 1818లో వచ్చిన మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టయిన్’ మొదలుకొని ఈ కథలలో అనేకము ఆదికాండము మొదటి మూడు అధ్యాయములను విడిచి ఎక్కువ దూరము పోలేదు. ఆ నవలలో ప్రయోగశాలలో పుట్టిన జీవి తనను ఆదాముతో పోల్చుకుంటుంది, తన కర్త తనను కని పారవేసినాడని నిలదీస్తుంది.

ఈ సాహిత్యములో మనుష్యుని పనిముట్లు ముఖ్యముగా రెండు విధములుగా కనబడతాయి. ఒకటి లోహయంత్రము: ఇనుము, తీగలు, చక్రములు. రెండవది జీవయంత్రము: పెంచబడిన ఓడ, మొలిపించబడిన ఇల్లు, పుట్టించబడిన పనివాడు. మొదటిదానిని చావుకూ రెండవదానిని జీవమునకూ గుర్తుగా చదువుట ఒక అలవాటుగా మారినది. ఆ అలవాటు మన ప్రసంగ పీఠములకు కూడా వచ్చినది. కృత్రిమ మేధను గూర్చి యువజన కూటములలో చెప్పబడుతున్న సందేశాలలో ఒక వరుస తరచుగా వినబడుతున్నది: యంత్రము నరుని చేతిపని, కనుక ప్రమాదకరము, జీవము దేవుని చేతిపని, కనుక క్షేమకరము. ఈ వరుస వినుటకు భక్తిగానే ఉన్నది. అయితే ఈ కథలను శ్రద్ధగా చదివినయెడల అది నిలువదనియు, నిజామాబాదు, బోధన్ ప్రాంతములో పరిచర్య చేయువారికి అది అసలే నిలువదనియు మేము చెప్పదలచాము.

‘రోబో’ అన్న మాట

తెలుగు ప్రేక్షకులకు ఈ మాట 2010లో వచ్చిన శంకర్ సినిమాతో ఇంటిమాట అయినది. రోబో అంటే ఇనుప మనిషి అని చిన్నపిల్లలు కూడా చెబుతారు. కాని ఆ మాట పుట్టిన నాటకములో ఇనుప మనిషి ఒక్కడు కూడా లేడు. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రచురించిన ‘ఆర్.యు.ఆర్.’ నాటకములోని రోబోలు మాంసముతో చేయబడినవారు. జీవపదార్థమువంటి ఒక పదార్థమును రసాయనముగా తయారుచేసి, దానితో తొట్లలో కాలేయములను, మెదళ్లను తయారుచేస్తారు. నరములను, రక్తనాళములను నూలుమిల్లులో వలె వడుకుతారు. చూపునకు వారు మనుష్యులే. అనగా ఈ సాహిత్యములో మొదటి రోబో జీవయంత్రమే, లోహయంత్రము తరువాత వచ్చినది.

ఆ పేరు చాపెక్‌కు తట్టినది కాదు, ఆయన అన్న యోసెఫ్ సూచించాడు. చెక్ భాషలో ‘రోబోత’ అంటే భూస్వామి పొలములో రైతు కూలి లేకుండా చేయవలసిన పని. దీనికి తెలుగు మాట కొరకు నిఘంటువు వెదకనక్కరలేదు. వెట్టి. నైజాము పల్లెలలో దొరగారి గడిలో, దేశ్‌ముఖ్ పొలములో తాతముత్తాతలు చేసిన వెట్టిచాకిరి బొహీమియాలో 1848లో రద్దయిన రోబోతకు దూరపు చుట్టము కాదు, తోడబుట్టినది. మన దేశములో వెట్టి కూలీ రద్దు చట్టము 1976లో వచ్చినది. ‘రోబో’ను తెలుగులోకి అర్థముతో సహా తెచ్చినయెడల ‘వెట్టివాడు’ అనవలసి ఉన్నది. తెలంగాణ పాఠకునికి ఆ నాటకము ప్రేగ్ పట్టణపు ప్రేక్షకునికంటె దగ్గరగా వినబడుటకు ఈ ఒక్క మాట చాలు.

నాటకములో ఇద్దరు రోసమ్‌లు ఉన్నారు. ముసలి రోసమ్ తత్వవేత్త. దేవుడు అవసరము లేదని ఋజువు చేయుటకు మనుష్యుని అచ్చముగా, ప్రతి గ్రంథితో సహా తయారుచేయబూనుతాడు. అతని పేరే చెక్ భాషలో ‘బుద్ధి’ అన్న మాటకు దగ్గరది. యువ రోసమ్ ఇంజనీరు. అతనికి దేవునితో జగడము లేదు, ఖర్చుతోనే జగడము. మనుష్యుడు నవ్వుతాడు, వాద్యము వాయిస్తాడు, షికారు పోతాడు. మగ్గము నడుపుటకు ఇవేవీ అక్కరలేదు. కనుక పనికి అక్కరలేనిదంతా తీసివేయగా మిగిలినది రోబో. మన బోధకులు ఈ నాటకమును ఎప్పుడైనా ఉదాహరించినయెడల ముసలి రోసమ్‌ను పట్టుకుంటారు, నాస్తికత్వమునకు ఫలితము చూడండి అంటారు. మా దృష్టిలో అది నాటకములోని తేలిక భాగము. చాపెక్ అసలు భయపడినది రెండవవానిని గురించి. దైవదూషణ చేయనివాడు, లెక్క మాత్రము వేసేవాడు, మనుష్యునిలో నుండి తీసివేయుటకు ఏమేమి ఉన్నవో చూచేవాడు. ఈ తీసివేత అన్న మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను; తిరిగి అక్కడికే వస్తాము.

ఆ కర్మాగారపు అధిపతి పేరు దోమిన్. లతీనులో ప్రభువు అన్న మాటకు అది ముక్క. కార్ఖానాలో రోబోలు పెరిగినకొద్దీ లోకములో స్త్రీలకు గర్భములు నిలువవు. చివరకు రోబోలు తిరుగబడి అందరినీ చంపి, ఆల్‌క్విస్ట్ అనే ఒక్కనిని మిగులుస్తారు. అతడు తమవలె చేతులతో పని చేసేవాడు గనుక. చివరి అంకములో ఒక రోబో యువతి, యువకుడు ఒకరికొరకు ఒకరు చావుటకు సిద్ధపడగా, ఆల్‌క్విస్ట్ వారిని ఆదాము హవ్వలుగా పంపివేసి ఆదికాండము చదువుకుంటాడు. ఈ ముగింపు మాకు పూర్తిగా రుచించలేదు. మూడు అంకముల పాటు పనిని గురించి మాట్లాడిన నాటకము చివర ప్రేమతో తప్పించుకున్నది. వెట్టి ఎట్లు పుట్టినదో చూపించి, వెట్టి ఎట్లు పోతుందో చెప్పక, క్రొత్త జంటను తోటలోకి పంపినంతమాత్రాన లెక్క తీరదు.

ఏదెనుకు పడమట

జీవయంత్రమును అత్యంత వివరముగా ఊహించిన నవలలలో ఒకటి హ్యారీ హారిసన్ 1984లో ప్రచురించిన ‘వెస్ట్ ఆఫ్ ఈడెన్’. శీర్షికలోనే ఆదికాండము 4:16 ఉన్నది. కయీను ఏదెనుకు తూర్పున కాపురముండెను గదా, హారిసన్ పడమటికి పోయాడు. ఆకాశమునుండి ఉల్క పడి రాక్షసబల్లులు నశింపకపోయినయెడల ఏమై ఉండును అన్నది ఊహ. యిలానే అనే సరీసృపజాతి బుద్ధిమంతులై భూమిని ఏలుతున్నది. వారికి అగ్ని లేదు, లోహపు పరిశ్రమ లేదు. వారి పట్టణము మొలిపించిన చెట్టు. వారి ఓడ ఈదే ప్రాణి. వారి తుపాకి కూడా ప్రాణియే, దానికి మేత పెట్టవలెను. సూక్ష్మదర్శిని సైతము పెంచి మార్చిన జంతువే.

చక్రము లేదు, పొగ లేదు. ప్రకృతితో సమాధానముగా ఉన్న సమాజము అనిపించవలసినది. హారిసన్ ఆ భ్రమ కలుగనీయలేదు, అది ఆ నవలలో గొప్పతనము. యిలానేల పాలకురాలు ఎవరినైనా పట్టణమునుండి వెలివేసినయెడల ఆ వెలివేయబడినది అక్కడికక్కడే చనిపోతుంది. వారి దేహమే అట్లున్నది. అధికారము శరీరములోనికి దిగిపోయినది, చెరసాల కట్టనక్కరలేదు. (వెలివేతను గురించి మన సంఘ చరిత్రలో తెలిసినవారు ఈ భాగమును మెల్లగా చదువుతారు.) చంపుటను నిరాకరించే ‘జీవపుత్రికలు’ అనే చిన్న గుంపు మాత్రము ఆ ఆజ్ఞకు చావకపోవుట చేత మిగిలినవారు వారిని ‘మృత్యుపుత్రికలు’ అని దూషిస్తారు. ఆ గుంపు నాయకురాలు ఎంగే పాత్ర మొదటి శతాబ్దపు సంఘమును జ్ఞప్తికి తెస్తుంది. రచయిత మతాభిమాని కాకపోయినా ఆ పాత్రను గౌరవముతో వ్రాశాడు.

లోపము ఎక్కడ ఉన్నదనగా, ఆ తుపాకి ప్రాణి, ఆ ఓడ ప్రాణి ఎన్నడూ మొరాయించవు. వాటికి చీడ పట్టదు, సంతతి తప్పదు, ఒక తరములో గుణము పోదు. హారిసన్ ప్రాణిని చెప్పి యంత్రమును చూపించాడు. బ్రతికియున్న పనిముట్టు ఎట్లు ప్రవర్తిస్తుందో తెలియవలెనన్నయెడల మనము నవల మూసి బోధన్ దారి పట్టవలెను.

చెరకు ఒక యంత్రము

నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయినది. మంజీర నీరు కాలువలలో పారిన కొద్దికాలమునకే, 1937లో, బోధన్ శివారున శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపించబడినది. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్ద చక్కెర కర్మాగారమని దానికి పేరు. వేల ఎకరాల సొంత తోటలు ఉండేవి. ఇంటింటికి క్యాలెండరు వలె అక్కడ క్రషింగ్ సీజన్ ఉండేది: పెండ్లిళ్లు, అప్పులు, బడి ఫీజులు, కోత పండుగకు ఆలయమునకు తెచ్చే గడల మోపులు అన్నీ దానిని చూచుకొనియే. ఈ ప్రాంతములో యంత్రమంటే ఆ కర్మాగారము, జీవమంటే ఆ పొలము అని ఎవరైనా విభజింతురు. ఆ విభజన సరికాదు.

ఎందుకనగా ఆ పొలములోని చెరకు కూడా తయారుచేయబడినదే. కోయంబత్తూరులో చెరకు ప్రజనన కేంద్రము 1912లో వెలసినది. సి.ఎ. బార్బర్, ఆయన తరువాత టి.ఎస్. వెంకట్రామన్ అక్కడ చేసిన పనిని సాధారణ మాటలలో చెప్పవలెనన్నయెడల ఇది: న్యూగినీ మూలముగల లావు, తీపి చెరకును మన వాగులవెంట పెరిగే రెల్లుగడ్డితో కలిపారు. రెల్లుకు తీపి లేదు, కాని మొండిప్రాణము ఉన్నది. 1918లో విడుదలైన కో 205 ఆ సంకరపు తొలి ఫలము. 1930లలో అక్కడనే పనిచేసిన జానకి అమ్మాళ్ చెరకును మొక్కజొన్న మొదలగు ఇతర జాతులతో కలిపి చూచారు. నేటి సంకర చెరకులో వంద నుండి నూట ముప్పై వరకు క్రోమోజోములు ఉంటాయి; మనుష్యునికి నలుబది ఆరే. హారిసన్ ఊహించిన ఓడ ప్రాణికంటె ఇది తక్కువ విచిత్రము కాదు. మన జిల్లాలో రుద్రూరు పరిశోధనా కేంద్రము చెరకు మీద, వరి మీద పనిచేస్తూ వచ్చినది. యిలానేల ప్రయోగశాల వంటిది వర్ని దారిలోనే ఉన్నదన్నమాట.

ఈ జీవయంత్రపు స్వభావము వేరు. దానిని విత్తనముతో నాటరు, ముచ్చెలతో నాటుతారు. కనుక ఒక రకపు తోట అంతా ఒకే మొక్క శరీరము. ఒక గడకు ఎర్రకుళ్లు తెగులు లొంగినయెడల అన్ని గడలకూ లొంగుతుంది. అందుచేత పాత రకము వెనుకబడినప్పుడు క్రొత్త రకము సిద్ధముగా ఉండవలెను. ప్రజనన కేంద్రమునకు పని తీరుట లేదు. కోసిన మరుక్షణమునుండి గడలో చక్కెర తరుగుట మొదలవుతుంది. ఒక దినములోపు ఆడించవలెను. అనగా ఆ మొక్క ప్రక్కన కర్మాగారము ఉన్నదన్న నమ్మకముతోనే అది పెంచబడినది. మరోవైపు కర్మాగారము కూడా లోహము మాత్రమే కాదు. గానుగ రోలర్లనుండి వచ్చిన పిప్పియే బాయిలరులో మండి ఆవిరి పుట్టిస్తుంది. చెరకు తన్ను తాను పిండే యంత్రమునకు తానే కట్టెగా మారుతుంది. రసము నిలిచినచోట కంటికి కనబడని సూక్ష్మజీవులు చేరి జిగురు పట్టిస్తాయి. వాటిని కడుగుట మిల్లు కార్మికునికి నిత్యకృత్యము. మొలాసిస్‌ను మద్యసారముగా మార్చేది ఈస్ట్, అదీ ప్రాణియే. ఇనుము ఎక్కడ ఆగినది, ప్రాణము ఎక్కడ మొదలైనది అని శక్కర్‌నగర్‌లో గీత గీయుట సాధ్యము కాదు.

2002లో ఆ సంస్థ ప్రైవేటు భాగస్వామ్యములోనికి పోయినది. 2015 డిసెంబరులో మూతపడినది. తరువాత ఆ నేలలో ఎక్కువ భాగము వరికి మారినది. యంత్రము ఆగినయెడల జీవము స్వేచ్ఛ పొందుతుందని ఇ.ఎమ్. ఫార్‌స్టర్ ‘ద మెషిన్ స్టాప్స్’ (1909) వంటి కథలు మనకు నేర్పినవి. ఇక్కడ యంత్రముతోపాటు తోట కూడా పోయినది. లోహమును ద్వేషించే విజ్ఞాన కల్పనకు ఈ సంగతి అంతుపట్టలేదని మా అభిప్రాయము. ప్రాణియైన పనిముట్టు, తాను ఏ పనికొరకు పెంచబడినదో ఆ పని పోయిన నాడు, అడవికి తిరిగి పోలేదు.

లేవీయకాండము 19:19ని చూపించి, జాతులను కలుపుట పాపము కాదా అని కొందరు అడుగుతారు. ఆ వచనము ఇశ్రాయేలు ప్రజల ప్రత్యేకతను గూర్చిన నియమములలో, రెండు రకముల నూలు కలిపిన బట్టతో పాటు వస్తుంది. సంకరమును అడ్డగించుటకు దానిని వాడేవారు టెరికాటన్ చొక్కాను కూడా విడువవలసి ఉంటుంది. యాకోబు లాబాను మందలో చారలు గల గొఱ్ఱెలను పెంచిన విధమును (ఆది. 30) ఎవరూ పాపమని బోధించరు. సంకర చెరకు గడలను కోత పండుగనాడు బల్ల దగ్గర ఆనించి స్తోత్రము చెల్లించే సంఘము ఈ ప్రశ్నకు ఎన్నడో జవాబు చెప్పివేసినది.

సహజమైనది మేలు అన్న వాదనకు డిచ్‌పల్లి కూడా ఒక జవాబు. 1915లో అక్కడ వెస్లియన్ మిషను పక్షమున డాక్టర్ ఇసబెల్ కెర్ ప్రారంభించిన కుష్ఠు వైద్యశాలలో ఆ దినముల ఔషధము చాల్‌మూగ్రా జాతి గింజల నూనె, అడవి చెట్టు ఫలము. సూది వేసినచోట బాధ, ఫలితము అనుమానము. 1940ల తరువాత వచ్చిన డాప్సోన్ ప్రయోగశాలలో తయారైన రసాయనము. రోగులను గుంపులుగా ఇండ్లకు పంపగలిగినది చెట్టు కాదు, ఆ బిళ్ల, ఆ తరువాత 1980లలో వచ్చిన బహుళ ఔషధ చికిత్స.

ఎద్దుకు ఇచ్చినది, నాగలికి ఇవ్వనిది

అయితే రెండింటికి భేదమే లేదా? ఉన్నది. సాధారణముగా చెప్పబడే చోట లేదు.

మిల్లు రాకముందు చెరకు గానుగను త్రిప్పినది ఎద్దు. ఎద్దు జీవయంత్రము, మానవుడు వేల సంవత్సరాలు ఏరి పెంచినది. ధర్మశాస్త్రము ఆ ఎద్దుకు విశ్రాంతిదినములో భాగము ఇచ్చినది (నిర్గమ. 23:12). కళ్లము త్రొక్కే ఎద్దు మూతికి చిక్కము వేయరాదన్నది (ద్వితీ. 25:4). నాగలికి విశ్రాంతిదినము లేదు, గానుగ రోలుకు లేదు. ఎందుకు? ఎద్దు అలసిపోతుంది. దానికి ఆకలి ఉన్నది, దూడ ఉన్నది, తన పని కాక తన బ్రతుకు వేరే ఉన్నది. యంత్రమును చెడగొట్టినయెడల దాని యజమానికి నష్టము. ఎద్దును చెడగొట్టినయెడల ఎద్దుకే అన్యాయము. కనుక జీవయంత్రము లోహయంత్రముకంటె క్షేమమైనది కాదు. అది మనమీద ఎక్కువ భారము మోపుతుంది. ప్రాణిని పనిముట్టుగా చేయువానికి పాపము చేసే అవకాశము ఇనుమును వంచేవానికంటె అధికము.

యెహెజ్కేలు మొదటి అధ్యాయములో జీవులు, చక్రములు ప్రక్కప్రక్కన ఉన్నవి. జీవుల ఆత్మయే చక్రములలో ఉన్నదని, అవి కదిలినప్పుడే ఇవి కదులుతున్నవని ప్రవక్త చూచాడు. ఆ దర్శనము చక్రమును నిందించలేదు. ఏది దేనిని నడిపించుచున్నదన్నదే అక్కడ విషయము.

ఈ కొలతతో చూచినయెడల కొన్ని ప్రసిద్ధ రచనల స్థానములు మారుతాయి. వెల్స్ ‘ద వార్ ఆఫ్ ద వరల్డ్స్’ (1898)లో అంగారకుల మూడుకాళ్ల యంత్రములను కంటికి కనబడని క్రిములు ఓడించుటను జీవపు విజయముగా పొగడుతారు. అందులో క్రిములను ఎవరూ వాడుకొనలేదు గనుక మన ప్రశ్న అక్కడ రాదు. అదే వెల్స్ రెండేళ్ల ముందు వ్రాసిన ‘డాక్టర్ మోరో ద్వీపము’లో మృగములను కోసి మనుష్యులుగా చేయువాని కథ ఆ ప్రశ్నకు దగ్గరది. ఆక్టేవియా బట్లర్ ‘డాన్’ (1987) అన్నిటికంటె ముందుకు పోయినది. బాప్టిస్టు కుటుంబములో పెరిగిన ఆ నల్లజాతి అమెరికను రచయిత్రి సృష్టించిన ఊన్‌కాలి జాతివారి ఓడ ప్రాణమున్నది, వారు దానిని ప్రేమించి పోషిస్తారు; పనిముట్టును ఎట్లు గౌరవించవలెనో హారిసన్‌కంటె ఆమెకు తెలుసు. అంత మృదువైన ఆ జాతివారే, యుద్ధములో నశింపనైయున్న మనుష్యులను కాపాడి, తమతో కలిసి తప్ప వేరుగా పిల్లలను కనకుండ చేస్తారు. ఓడకు దయ, గర్భమునకు ఆజ్ఞ. బానిసత్వపు చరిత్రను వంశములో మోసినది గనుకనే ఆమె ఇంత స్పష్టముగా చూచినదనుకుంటాము.

రెండు తెలుగు తెరలు, ఒక కొడవలి

‘రోబో’లో చిట్టి ఇనుము. ఆ సినిమాను బోధకులు తరచు యంత్రపు గర్వమునకు ఉదాహరణగా చెబుతారు. కాని దానిలో ఒక ఘట్టమున్నది: ప్రసవము కష్టమై వైద్యులు తలపట్టుకున్నప్పుడు బిడ్డను బయటికి తెచ్చేది చిట్టియే. తరువాత వచ్చే విధ్వంసము సంగతి ఎట్లున్నా, ఆ ఘట్టములో లోహము గర్భమునకు దాసిగా ఉన్నది.

నాగ్ అశ్విన్ 2024లో తీసిన ‘కల్కి 2898 ఏ.డి.’లో ఇది తలక్రిందులైనది. అందులోని బుజ్జి అనే మాట్లాడే వాహనము ప్రేక్షకుల ముద్దుబిడ్డ. దానివల్ల ఎవరికీ భయము లేదు. భయము కాంప్లెక్సు లోపల ఉన్నది. గర్భము నిలువగల స్త్రీలను పట్టి తెచ్చి, ప్రయోగశాలలో గర్భవతులను చేసి, వారి గర్భమునుండి ఒక ద్రవమును తీసి యాస్కిన్ అనే అధిపతికి ఎక్కిస్తారు. గర్భమే గానుగ అయినది, స్త్రీ పిప్పి అయినది. పురాణపు అల్లిక, పోరాటముల ఆర్భాటము ఆ చిత్రమును చాలాచోట్ల పలుచన చేసినా, ఈ ఒక్క ఊహలో దర్శకుడు చాపెక్ పట్టుకున్న నరమునే పట్టుకున్నాడు.

ఇది ఊహ మాత్రమే కాదు. చెరకు సంగతి తెలిసిన పాఠకులకు బీడ్ పేరు తెలియకపోదు. మరాఠ్వాడాలోని ఆ జిల్లానుండి ప్రతి సంవత్సరము లక్షలమంది చెరకు కోతకు వలసపోతారు. భార్యాభర్తలను జంటగా, ముందు అప్పు ఇచ్చి కుదుర్చుకుంటారు. ఆ జంటను ‘కోయితా’ అంటారు, అనగా కొడవలి. ఇద్దరు మనుష్యులకు ఒక పనిముట్టు పేరు. ఒంటరిగా వచ్చినవారు అర కొడవలి. పని మానిన దినమునకు జరిమానా. నెలసరి సెలవు లేదు, తోటలో మరుగుదొడ్డి లేదు, గుడారములో నీరు లేదు. ఈ స్థితిలో రోగము వచ్చిన స్త్రీలకు ప్రైవేటు వైద్యులు క్యాన్సరు భయము చూపి గర్భసంచి తీసివేస్తూ వచ్చారు. పని తప్పదు, జరిమానా ఉండదు అని స్త్రీలు కూడా ఒప్పుకున్నారు. 2019లో ఈ సంగతి బయటపడి ప్రభుత్వము విచారణ చేయించినప్పుడు, సర్వే చేయబడిన 82 వేల పైచిలుకు స్త్రీ కూలీలలో 13 వేలకు మించినవారికి ఆ ఆపరేషను అయినట్లు తేలినది. వారిలో ముప్పై, నలుబది ఏండ్లు నిండనివారు అనేకులు.

పనికి అక్కరలేనిది తీసివేయుట. యువ రోసమ్ కాగితము మీద చేసినది ఇదియే. అక్కడ లోహము లేదు, రోబో లేదు, కృత్రిమ మేధ లేదు. ఒక ముఠా మేస్త్రీ, ఒక అప్పుచీటీ, ఒక కొడవలి. కోతయంత్రము వచ్చినయెడల కూలీల పొట్ట కొడుతుందని మనము వాదిస్తూ ఉంటాము. ఆ వాదములో న్యాయమున్నది, ముందు అప్పు ఎట్లు తీరుతుందన్న ప్రశ్న కూడా ఉన్నది. అయితే యంత్రము మనుష్యుని హరిస్తుందని, చేతిపని మనుష్యుని నిలుపుతుందని బోధించుటకు ముందు ఆ 13 వేలమందిని లెక్కలోనికి తీసికొనవలెను. ఇనుప యంత్రము వారి స్థానమును తీసికొన్నయెడల అది పాపమని చెప్పుటకు మాకు నోరు రాదు. వారి బదులు పనిచేయుటకు ఇనుము దొరకదని, శరీరమే చవుకగా దొరికినదని ఆ తోటలలో లెక్క వేయబడినది. పౌలు ఎద్దు చిక్కపు నియమమును ఎత్తుకొని, దేవుడు ఎద్దులకొరకు విచారించుచున్నాడా అని అడిగి, దానిని పనివారి కూలికి అన్వయించాడు (1 కొరింథీ. 9). ఎద్దుమీద దయ తగ్గించినాడని ఆయనను కొందరు తప్పుపడతారు. కొడవలి పేరుతో పిలువబడినవారి ఎదుట నిలబడి చదివినయెడల ఆయన ఎందుకట్లు మలుపు త్రిప్పినాడో తెలుస్తుంది.

‘కల్కి’ని గురించి ఒక ఆక్షేపణ మిగిలి ఉన్నది. కాంప్లెక్సులో కథానాయికకు పేరు లేదు, ‘సమ్ 80’ అన్న గుర్తు మాత్రమే. తప్పించుకున్న తరువాత సుమతి అవుతుంది. ఆమె గర్భములో అవతారపురుషుడు ఉన్నాడు గనుక కథ ఆమె వెంట పోయినది; అదే వరుసలో ఉన్న మిగిలిన స్త్రీలను మొదటి భాగము అక్కడనే విడిచివేసినది. నిర్గమకాండము మొదటి అధ్యాయములో, ప్రసవములను చావుగా మార్చమన్న ఫరోకు పేరు లేదు. ఆ మాట విననొల్లని మంత్రసానులు ఇద్దరికి పేర్లున్నవి, షిఫ్రా, పూయా. రెండవ భాగము వచ్చినప్పుడు మేము మొదట చూచేది బుజ్జి ఏమి చేసినదని కాదు, ‘సమ్ 79’ ఏమైనదని.